కొండమీద అమ్మవారు... పటమటలో నాస్తికులు!

దేవుడు ఉన్నాడని నమ్మడం వేరు, ఉన్నాడని తెలియడం వేరు. లేడని నమ్మడం వేరు, లేడని తేలడం వేరు. ఈ తేడా పుస్తకాల్లో కన్నా బెజవాడ వీధుల్లో బాగా తెలుస్తుంది. ఒక్కరోజు ఖాళీ చేసుకుని తిరిగితే చాలు.

బెజవాడలో రైలు దిగి, స్టేషను బయట ఆటో మాట్లాడుకునేటప్పుడు రెండు పేర్లు చెప్పి చూడండి. 'అమ్మవారి గుడి' అంటే ఎక్కమంటాడు. 'నాస్తిక కేంద్రం' అన్నా ఎక్కమంటాడు. ఛార్జీలో తేడా ఉంటుంది గానీ మొహంలో ఏ తేడా ఉండదు. అద్దానికి దుర్గమ్మ బొమ్మ అంటించుకున్న ఆటోలోనే మిమ్మల్ని పటమట తీసుకెళ్లి, దేవుడు లేడనేవాళ్ల గేటు ముందు దింపి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి వెళ్లిపోతాడు.

దేవుడు ఉన్నాడని చెప్పే ఊళ్లకు మన దేశంలో కొదవలేదు. లేడని బోర్డు పెట్టి మరీ చెప్పే చోట్లు చాలా తక్కువ. రెండూ ఒకే ఊళ్లో, ఏడున్నర దశాబ్దాలకు పైగా పక్కపక్కనే బతుకుతుండటం ఇంకా అరుదు. 'బ్లేజ్‌వాడ' అని ఎండల్ని వెక్కిరించేవాళ్లు ఈ చల్లటి సంగతి మాత్రం గమనించరు.

ఊళ్లోకి వెళ్లేముందు ఒక చిన్న లెక్క చూసుకుందాం. 'మావాడు పరీక్ష పాసవుతాడని నమ్ముతున్నాను' అంటాం. 'మావాడికి ఇరవయ్యేళ్లని నమ్ముతున్నాను' అనం. వాడి వయసు మనకు తెలుసు కాబట్టి. నమ్మకం అనే మాట అవసరపడేదే తెలియని చోట. తెలిసిపోయాక నమ్మడానికి పని ఉండదు. పాలవాడి దగ్గర, అల్లుడి దగ్గర, అప్పు ఇచ్చేటప్పుడు ఈ తేడా మనకు బాగానే గుర్తుంటుంది. దేవుడి దగ్గరకు వచ్చేసరికే మర్చిపోతాం. నమ్మినవాణ్ని తెలిసినవాడిలా మాట్లాడమంటాం. నమ్మనివాణ్ని 'లేడని రుజువు చెయ్యి' అని నిలదీస్తాం.

మెట్లకు పసుపు రాసే పెద్దమ్మ

కృష్ణ ఒడ్డున ఇంద్రకీలాద్రి. అర్జునుడు తపస్సు చేసి శివుడి దగ్గర పాశుపతాస్త్రం సంపాదించింది ఈ కొండమీదేనని స్థలపురాణం. మహిషాసురుణ్ని చంపిన దుర్గమ్మ ఇక్కడే వెలసిందని భక్తుల విశ్వాసం. సముద్రానికి దారి ఇమ్మని కృష్ణవేణి వేడుకుంటే కొండకు బెజ్జం పడిందనీ, ఆ బెజ్జమే బెజవాడ అయిందనీ ప్రతీతి.

పై మూడు వాక్యాలూ ఎలా ముగిశాయో చూశారా? 'స్థలపురాణం', 'విశ్వాసం', 'ప్రతీతి'. మన పత్రికల్లో గుళ్ల గురించి రాసేవాళ్లంతా, తెలిసో తెలియకో, ఈ జాగ్రత్త పాటిస్తారు. 'ఇక్కడ ప్రకాశం బ్యారేజీ ఉంది' అని రాస్తారే గానీ 'ఇక్కడ బ్యారేజీ ఉందని ప్రతీతి' అని ఎవరూ రాయరు. నమ్మకానికీ నిశ్చయానికీ మధ్య గీత మన భాషలో ముందే ఉంది. మనమే దాన్ని చూడకుండా దాటేస్తుంటాం.

కొండెక్కడానికి ఘాట్ రోడ్డుంది, మెట్లదారి ఉంది. బస్సులూ కార్లూ ఘాట్ రోడ్డున పోతాయి. మొక్కులున్నవాళ్లు మెట్లదారి పడతారు. తెల్లవారుజామున వెళితే మెట్ల పూజ చేసేవాళ్లు కనిపిస్తారు. ఒక్కో మెట్టుకూ పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, వంగి దణ్ణం పెట్టి పైమెట్టుకు వెళతారు. దసరా తొమ్మిది రోజులూ, అందులోనూ అమ్మవారిని సరస్వతిగా అలంకరించే మూలా నక్షత్రం రోజున ఇక్కడ ఇసుకేస్తే రాలదు. తర్వాత భవానీ దీక్షల విరమణకు కొండంతా ఎర్రబడుతుంది. నేను వెళ్లింది ఏ పండగా లేని మామూలు రోజు.

గుడివాడ వైపు నుంచి వచ్చిన ఓ పెద్దావిడ మెట్లకు పసుపు రాస్తోంది. అరవై దాటి ఉంటాయి. మోకాళ్ల నొప్పులని మొహమే చెబుతోంది. మనవడికి గుండెలో రంధ్రం ఉంటే ఆపరేషన్ చేశారట. పిల్లాడు కోలుకున్నాడు. ఆ మొక్కు తీర్చుకుంటోంది. పక్క మెట్టుమీద కూర్చుని మాటల్లో అడిగాను.

"పెద్దమ్మా, పిల్లాణ్ని అమ్మవారే బతికించిందంటారా?"

"డాక్టరు బతికించాడు బాబూ. ఆయనకీ దణ్ణం పెట్టే వచ్చా."

"మరి ఈ పసుపు?"

"ఆ నాలుగు గంటలూ నేను ఆసుపత్రి వరండాలో కూచున్నా. నా చేతిలో ఏముంది? అప్పుడు మొక్కుకున్నా. మొక్కుకున్నాక తీర్చాలిగా."

"అమ్మవారు నిజంగా ఉందని మీకు గట్టిగా తెలుసా?"

ఆమె పసుపు గిన్నె కింద పెట్టి కొంచెంసేపు నావంక చూసింది. కోపం రాలేదు. "నాకెట్టా తెలుస్తది బాబూ? ఎవరికి మాత్రం తెలుసు? తెలిసినదానికి మొక్కెందుకు? ఉంటదని నమ్మా, అంతే" అని పైమెట్టుకు కదిలింది.

నాస్తికులతో చర్చల్లో ఆస్తికులు తరచూ వాడే వాదాలేవీ ఆమె వాడలేదు. మనవడు బతికాడు కాబట్టి దేవత ఉన్నట్టే అని అనలేదు. అదే వార్డులో బతకని పిల్లలూ ఉంటారని వరండాలో నాలుగు గంటలు కూర్చున్న మనిషికి తెలియకుండా ఉండదు. ఆమె మొక్కు రుజువు మీద నిలబడలేదు. రుజువు లేకపోయినా నిలబడింది.

ముక్కుపుడకా? క్యూసెక్కులా?

కొండమీద నుంచి చూస్తే కింద కృష్ణ, దానిమీద బ్యారేజీ. 1852-55 మధ్య కట్టిన పాత ఆనకట్టకు 1952లో గండి పడింది. దాని స్థానంలో కొత్త బ్యారేజీ కట్టి 1957లో తెరిచారు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. పొడవు 1,223.5 మీటర్లు, గేట్లు 70. డెల్టాలో 12 లక్షల ఎకరాలకు పైగా దీని నీళ్లే ఆధారం.

కృష్ణ పొంగి దుర్గమ్మ ముక్కుపుడకను తాకిన రోజున కలియుగం ముగుస్తుందనే మాట ఈ ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లా పిల్లాడూ వింటూ పెరుగుతారు. బ్రహ్మంగారి కాలజ్ఞానంలో ఉందని చెప్పుకుంటారు. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ మాట తీస్తారు.

2009 అక్టోబరులో బ్యారేజీకి 11.10 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అప్పటికి అదే రికార్డు. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ రికార్డు కూడా కొట్టుకుపోయింది. వచ్చింది 11.43 లక్షల క్యూసెక్కులు. బ్యారేజీని తట్టుకునేలా కట్టింది 11.90 లక్షల వరకు. ఆ రాత్రి ఊరు నిద్రపోలేదు. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దుకున్నాయి. ఇంకోవైపు బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. మొదటి అంతస్తుల్లో, డాబాల మీద జనం రోజుల తరబడి ఉండిపోయారు. పడవల్లో, డ్రోన్లతో అన్నం, నీళ్లు అందించాల్సి వచ్చింది.

ఆ రెండు మూడు రోజులు జనం ఏం చూశారో గుర్తు చేసుకోండి. టీవీలో కింద పరుగులు తీసే అంకెలు చూశారు. నాగార్జునసాగర్ నుంచి ఎంత వదిలారు, పులిచింతలకు ఎంత వచ్చింది, బ్యారేజీ దగ్గర ఎన్ని అడుగులు! ముక్కుపుడక కథ మీద ఏమాత్రం అనుమానం లేదనేవాళ్లు కూడా సామాన్లు పైకి ఎక్కించిందీ, పిల్లల్ని బంధువుల ఇళ్లకు పంపిందీ క్యూసెక్కులు చూసే. కొండమీది గర్భగుడిని నీళ్లు తాకాలంటే కింద డెల్టా అంతా ఎప్పుడో పోయి ఉండాలని ఎవరూ లెక్కగట్టి చెప్పక్కర్లేదు.

అంటే ఆ కథను నమ్మేవాళ్లు అబద్ధం ఆడుతున్నట్టా? కాదు. ఆ కథ వాళ్లకు నది మీద ఉన్న భయాన్ని, అమ్మవారి మీద ఉన్న చనువును చెప్పుకునే పద్ధతి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం మనిషి నమ్మేదాన్నీ తెలిసినదాన్నీ చక్కగా వేరుచేసుకుంటాడు. వరద తగ్గాక మళ్లీ కలిపేస్తాడు.

వృక్షశాస్త్రం మేష్టారి ఇల్లు

కొండ దిగి, ఊరు దాటి తూర్పుకు వస్తే బెంజి సర్కిల్. హైదరాబాద్ రోడ్డూ చెన్నై-కోల్‌కతా రోడ్డూ కలిసే రద్దీ చోటు. ఆ పక్కనే పటమటలో నాస్తిక కేంద్రం. చెట్లు, పాత కట్టడాలు, గ్రంథాలయం. బయటి హారన్ల మోత లోపలికి సగమే వినిపిస్తుంది.

దీన్ని స్థాపించింది గోరా. అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. 1902లో ఇప్పటి ఒడిశాలోని ఛత్రపురంలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం ఎమ్మే చదివి అధ్యాపకుడయ్యారు. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబం. జంధ్యం తీసేశారు, కులం పాటించడం మానేశారు. దేవుడి మీద రాసిన రాతల వల్ల 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. తర్వాత బందరులో పనిచేశారు. చివరకు ఉద్యోగమే వద్దనుకుని 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దాన్ని పటమటకు మార్చారు. 1975లో ఆయన కన్నుమూశారు. భార్య సరస్వతి గోరా 2006 వరకు కేంద్రానికి పెద్దదిక్కుగా ఉన్నారు.

పిల్లలకు పేర్లు కూడా దేవుళ్లవి పెట్టలేదు. ఉప్పు సత్యాగ్రహం ఏడాది 1930లో పుట్టిన కొడుకు లవణం. ప్రపంచయుద్ధం మొదలైన 1939లో పుట్టినవాడు సమరం. తెలుగు పాఠకులకు వైద్య వ్యాసాలతో దగ్గరైన డాక్టర్ సమరం ఆయనే. తొమ్మిదో సంతానానికి 'నౌ' అని పేరు!

గోరా నాస్తికత్వంలో దేవుడు లేడనడం మొదటిమెట్టు మాత్రమే. నా బతుకు ఎవరో రాసిపెట్టారనుకున్నవాడు తలవంచుకుని బతుకుతాడు, నా చేతిలోనే ఉందనుకున్నవాడు లేచి నిలబడతాడు అన్నది ఆయన వాదం. అంటరానితనాన్ని కర్మ పేరుతో మోస్తున్న జనానికి ఆయన చెప్పదలచుకున్నది అది. అందుకే కేంద్రం చరిత్రలో తర్కం పుస్తకాల కన్నా సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు ఎక్కువ కనిపిస్తాయి.

నిప్పుకు పక్షపాతం లేదు

ఈ కేంద్రంవాళ్లు ఊరూరా చేసి చూపించిన ప్రదర్శనల్లో పేరుపొందింది నిప్పుల మీద నడవడం. మన ఊళ్లలో జాతర్లలో అగ్నిగుండం తొక్కుతారు. పీర్ల పండక్కీ తొక్కుతారు. దీక్ష, ఉపవాసం, పూనకం... అందువల్లే కాళ్లు కాలవని అనుకుంటారు. నాస్తికులు ఏ దీక్షా లేకుండా, ఏ మంత్రమూ చదవకుండా, అదే నిప్పుల మీద నడిచారు. చూడవచ్చినవాళ్లనీ నడిపించారు.

కారణం భౌతికశాస్త్రం. బొగ్గు, దానిమీది బూడిద వేడిని చాలా నెమ్మదిగా వదులుతాయి. అడుగు నిప్పు మీద ఆనేది సెకనులో కొంతభాగమే. అంతలో చర్మం కాలేంత వేడి లోపలికి చేరదు. అదే వేడి మీదున్న ఇనుపరేకు మీద నడిస్తే భక్తుడికీ నాస్తికుడికీ ఒకేలా బొబ్బలెక్కుతాయి. మధ్యలో ఆగినా అంతే. ఇది చదివి ఇంట్లో ప్రయత్నించకండి. బొగ్గులు సరిగ్గా పరచకపోయినా, నడక తడబడినా కాళ్లు కాలతాయి.

గ్రంథాలయం దగ్గర కలిసిన ఓ పెద్దాయనతో ఈ మాటే వచ్చింది.

"అయితే నిప్పుల మీద నడిచి దేవుడు లేడని నిరూపించారన్నమాట" అన్నాను.

ఆయన నవ్వారు. "అది కాదండీ. నిప్పు కాలకపోవడానికి దేవుడు అక్కర్లేదని నిరూపించాం. అంతవరకే."

ఆ 'అంతవరకే' నాకు బాగా నచ్చింది. ఒక మహిమను విప్పి చూపిస్తే ఆ మహిమ పోతుంది. దాన్ని నమ్ముకుని చేసే మోసం పోతుంది. పూనకం వచ్చినవాడు ఊరి మీద చేసే పెత్తనం పోతుంది. ఇవన్నీ చాలా పెద్ద లాభాలు. అయితే మెట్లకు పసుపు రాసే పెద్దమ్మ నమ్మకాన్ని ఆ నిప్పు తాకదు. ఆమె నిప్పుల మీద పందెం కాయలేదు గదా!

సేవాగ్రాంలో ఇద్దరు మొండివాళ్లు

బెజవాడ నాస్తికుడి కథలో గాంధీ లేకపోతే అది పూర్తికాదు. గోరా 1930లోనే గాంధీకి ఉత్తరం రాసి, దేవుడు అన్న మాటకు మీ అర్థం ఏమిటని అడిగారు. దేవుడు మనిషి ఊహకు అందనివాడన్న అర్థంలో జవాబు వచ్చింది. 1944 చివర్లో గోరా సేవాగ్రాం వెళ్లి స్వయంగా కలిశారు. తర్వాత కూడా ఇద్దరి మధ్య చాలా మాటలు నడిచాయి. ఒకరేమో ప్రార్థన లేకుండా రోజు గడవనివాడు. రెండోవారు ఆశ్రమంలో ఉండి కూడా ప్రార్థనకు తలవంచనివాడు. ఆ సంభాషణలన్నీ గోరా రాసిన 'యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ' పుస్తకంగా 1951లో అహ్మదాబాద్ నవజీవన్ సంస్థ ద్వారా వచ్చాయి.

అందులో గాంధీ ఒకచోటికి వచ్చి ఆగుతారు. తన ఆస్తికత్వమే ఒప్పని గానీ, గోరా నాస్తికత్వం తప్పని గానీ తాను చెప్పలేనంటారు. ఇద్దరం సత్యాన్ని వెతికేవాళ్లమేనంటారు. తనది తప్పని తేలితే మార్చుకుంటానంటారు. దేవుడి పేరు తలవకుండా నీళ్లు కూడా తాగడనుకున్న మనిషి నోట వచ్చిన మాట ఇది! ఆయన నమ్మకం సడలిందా? ఏమీ లేదు. ఆఖరు రోజున కూడా ప్రార్థనకు వెళుతూనే ప్రాణం వదిలారు. కొండంత నమ్మకం ఉండి, నాకు తెలుసు అని మాత్రం అనకపోవడం ఎలా ఉంటుందో ఆయన చూపించారు. 'దేవుడే సత్యం' అనే మాటను 'సత్యమే దేవుడు' అని తిప్పి చెప్పడం 1931 నాటికే ఆయన మొదలుపెట్టారు. సత్యం లేదని నాస్తికుడు కూడా అనలేడు గదా అన్నది ఆయన లెక్క.

ఆ మాట పెళ్లిదాకా వచ్చింది. గోరా పెద్ద కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇచ్చి చేయాలనుకున్నారు. ఆ పెళ్లి తానే సేవాగ్రాంలో జరిపిస్తానన్నారు గాంధీ. వరుణ్ని కొంతకాలం ఆశ్రమంలో ఉంచుకున్నారు. ప్రమాణంలో 'దేవుడి సాక్షిగా' అనే చోట 'సత్యం సాక్షిగా' అని మార్చడానికి ఒప్పుకున్నారు. ఈలోపు 1948 జనవరి 30 వచ్చింది. పెళ్లి మాత్రం ఆగలేదు. ఆ మార్చిలో సేవాగ్రాంలోనే జరిగింది. ఇద్దరిలో ఎవరి నమ్మకం గెలిచిందని అడిగితే జవాబు లేదు. ఒక పెళ్లి జరిగింది, ఒక గోడ కూలింది. అది మాత్రం అందరికీ తెలిసిన నిజం.

గుణదలలో ఇంకో పాఠం

నాస్తిక కేంద్రం నుంచి గుణదల ఎంతో దూరం లేదు. అక్కడి కొండమీద మేరీమాత. 1924లో ప్రతిష్ఠించిన విగ్రహంతో మొదలైన క్షేత్రం. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఉత్సవాలకు లక్షల్లో జనం వస్తారు. కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. పైకెళ్లే మెట్లమీద బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు ఎంతమందో! పొద్దున అమ్మవారి కొండమీద చూసిన మొహాలే సాయంత్రం మరియమ్మ కొండమీదా చూశానేమో అనిపిస్తుంది. 'ఈవిడా అమ్మే' అంటారు.

గుణదల మాత ఫ్రాన్సులోని లూర్దు మాత. 1858లో అక్కడ ఒక పేదింటి పిల్లకు గుహ దగ్గర మేరీమాత కనిపించిందని క్రైస్తవుల విశ్వాసం. అప్పటి నుంచి రోగులు లూర్దుకు వెళుతూనే ఉన్నారు. 1883 నుంచి అక్కడ ఒక వైద్య కార్యాలయం పనిచేస్తోంది. రోగం నయమైందని వచ్చినవాళ్ల కాగితాలన్నీ డాక్టర్లు చూస్తారు. ఇప్పటిదాకా 7 వేల మందికి పైగా తమకు అలా నయమైందని నమోదు చేయించుకున్నారు. చర్చి అద్భుతాలుగా ఒప్పుకున్నవి డెబ్బై పైచిలుకు మాత్రమే!

అందులో ఇంకో సొగసుంది. డాక్టర్లు 'ఇది అద్భుతం' అని రాయరు. 'ఇప్పటి వైద్యానికి తెలిసినంతలో దీనికి కారణం చెప్పలేం' అని మాత్రమే రాస్తారు. అద్భుతమని ప్రకటించే పని బిషప్పుది. అలా ప్రకటించినా దాన్ని నమ్మితీరాలని భక్తులకు నిబంధన లేదు. తెలియదు అన్నది ఒక బల్లమీద, నమ్ముతున్నాం అన్నది ఇంకో బల్లమీద. నమ్మకమే పునాదిగా ఉన్న చోట కూడా ఈ రెండు కాగితాలూ కలిసిపోకుండా చూసుకుంటున్నారు.

మనకూ ఇది కొత్త కాదు. సృష్టి ఎలా పుట్టిందో అడుగుతూ సాగే రుగ్వేదంలోని నాసదీయ సూక్తం ఆఖరుకు ఒక సందేహంతో ఆగుతుంది. పైన ఉండి చూసేవాడికైనా అది తెలుసో, ఆయనకూ తెలియదో అని! వేదంలోనే అంత చోటున్నప్పుడు మన ఇళ్లలో 'నాకు తెలియదు' అన్న కుర్రవాణ్ని కసరడం దేనికి?

అనుమానం లేనివాళ్లు

ఇదంతా కాలక్షేపం చర్చ అనుకుంటే పొరపాటు. ఈ తేడా చెరిగిపోయిన చోట మనుషులు చచ్చిపోతున్నారు.

చేతబడి హత్యల వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నాయి. పళ్లు రాలగొట్టడం, చెట్టుకు కట్టేసి కొట్టడం, నిప్పంటించడం... చచ్చిపోయేది సాధారణంగా ఊళ్లో పేదవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, ఒంటరి ఆడవాళ్లు. 'చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో హత్య' అని పేపర్లో వస్తుంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు పేచీయే. అది అనుమానం కాదు. వాళ్లకు ఒక్కపిసరు అనుమానం ఉన్నా ఆ చెయ్యి ఆగేది. 'వీడు కాదేమో' అన్న చిన్న సందు ఉంటే ఆ ముసలాయన బతికేవాడు. అనుమానం లేకపోవడమే ఆ హత్యకు కారణం.

2013 ఆగస్టు 20న పుణెలో పొద్దున్నే నడకకు వెళ్లిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ను కాల్చి చంపారు. ఆయన జీవితమంతా మూఢనమ్మకాల మీద పోరాడినవాడు. 2015లో కొల్హాపూర్‌లో గోవింద్ పన్సారేను, ధార్వాడలో పండితుడు కల్బుర్గిని కాల్చారు. తుపాకి పట్టినవాళ్లకు దేవుడి మీద భక్తి ఎంతుందో మనకు అనవసరం. తమదే నిజమన్న రూఢి మాత్రం పూర్తిగా ఉంది.

రెండోవైపూ ఇదే కథ. 1967లో అల్బేనియా ప్రభుత్వం దేవుడు లేడని తేల్చేసింది. మసీదులు, చర్చీలు మూయించింది. ప్రార్థన నేరమైంది. మతగురువులు జైళ్లకు వెళ్లారు. 1990 దాకా అదే పరిస్థితి. లేడని నమ్మడం ఒకరి హక్కు. లేడని తేలిపోయింది కాబట్టి నువ్వు దణ్ణం పెట్టుకోకూడదు అనడం పోలీసు పని.

మరి పటమట నాస్తికుల సంగతి? దేవుడి విషయంలో వాళ్ల గొంతు ఎప్పుడూ గట్టిదే. లేడు అంటే లేడనే. కానీ వాళ్ల పని చూస్తే ఇంకోటి కనిపిస్తుంది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం పేరు చెబితే ఒకప్పుడు రైళ్లలో కిటికీలు మూసుకునేవాళ్లు. బ్రిటిషువాళ్లు నేరస్థ జాతి అని ముద్ర వేసి కొందరిని తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటు అది. 1970ల్లో లవణం, ఆయన భార్య హేమలత అక్కడికి వెళ్లారు. మహాకవి జాషువా కూతురు హేమలత. దొంగలని పేరుపడినవాళ్ల ఇళ్లలో కూర్చున్నారు, తిన్నారు, పిల్లల్ని బడికి పంపించారు. ఏళ్ల తరబడి ఆ పని చేశారు. ఈ మనిషి మారతాడని వాళ్లకు ఏ రుజువు ఉంది? పోలీసు రికార్డులన్నీ అందుకు విరుద్ధంగానే ఉన్నాయి. అయినా నమ్మారు. దేవుణ్ని నమ్మనివాళ్లకు నమ్మకం లేదని ఎవరన్నారు?

పెద్దమ్మ ఆసుపత్రి వరండాలో చేసిందీ, హేమలత స్టువర్టుపురం గుడిసెల్లో చేసిందీ ఒకరకంగా ఒకటే. ఏం జరుగుతుందో తెలియదు, అయినా ఒక అడుగు వేశారు. నమ్మకం అంటే ఆ అడుగే. అది మంచికి పోయేది, తెలియదన్న సంగతి గుర్తున్నంతవరకే. తెలుసు అనుకున్న మరుక్షణం ఎదుటివాడు మనిషిగా కనిపించడం మానేస్తాడు.

ఆస్తి, నాస్తి, ఆ మధ్య

'అస్తి' అంటే ఉంది, 'నాస్తి' అంటే లేదు. వాటినుంచే ఆస్తికుడు, నాస్తికుడు. తెలియదు అనేవాడికి పుస్తకాల్లో 'అజ్ఞేయవాది' అని పేరుంది గానీ వీధిలో పేరు లేదు. బహుశా అవసరం పడలేదేమో. ఎందుకంటే వీధిలో ఉన్నవాళ్లలో చాలామంది, దణ్ణం పెట్టేవాళ్లయినా పెట్టనివాళ్లయినా, మనసులో ఎక్కడో అక్కడే ఉన్నారు. పరీక్ష పెట్టి అడిగితేనే రెండు జట్లుగా విడిపోతారు.

బెజవాడ వెళితే ఒక్కరోజులో ఇవన్నీ చూడొచ్చు. తెల్లవారుజామున ఇంద్రకీలాద్రి మెట్లదారి. ఎండెక్కకముందు బ్యారేజీ. మధ్యాహ్నం పటమట. పొద్దువాలాక గుణదల. దసరా రోజుల్లో గానీ ఫిబ్రవరి ఉత్సవాల్లో గానీ వెళితే జనమే కనిపిస్తారు, మనుషులు కనిపించరు. మామూలు రోజున వెళ్లండి. ఎండాకాలం మాత్రం వద్దు.

ఎక్కడికి వెళ్లినా 'దేవుడు ఉన్నాడా?' అని అడక్కండి. దానికి అందరి దగ్గరా బట్టీపట్టిన జవాబు ఉంటుంది. 'మీకెలా తెలుసు?' అని నెమ్మదిగా అడగండి. గొంతు పెంచేవాళ్లుంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. ఆ ప్రశ్న విని ఒక్క క్షణం ఆగేవాళ్లు దొరికితే, వాళ్లు గుడి గడపమీద ఉన్నా, నాస్తిక కేంద్రం అరుగుమీద ఉన్నా, పక్కన కూర్చోండి. టీ చెప్పండి. ఆ రోజు మీ ప్రయాణం దండగ కాదు.